తొమ్మిది నెలలైనా రాళ్లు తెల్లగానే ఉన్నాయి, కోరలైన్ పట్టాలంటే ఏం చేయాలి?

మియాపూర్_ట్యాంక్

అందరికీ నమస్తే. మాది 3 అడుగుల ఉప్పునీటి చేపల ట్యాంక్, కింద సంప్‌తో (ఫిల్టర్ సామాను ఉండే తొట్టి) కలిపితే నికరంగా 200 లీటర్ల నీళ్లు. పోయిన దసరాకి మొదలుపెట్టాను, ఇప్పటికి తొమ్మిది నెలలు. లోపల మొత్తం సిరామిక్ రాక్, ఇరవై కిలోల దాకా ఉంటుంది. క్లౌన్ చేపల జత, ఒక లాన్‌మోవర్ బ్లెనీ చేప, రాతి ఒళ్లు లేని మెత్తటి రకాల్లో జోవాలు, మష్రూమ్‌లు, అరచేయంత టోడ్‌స్టూల్ లెదర్ ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి, జోవాలైతే మూడు తలలతో తెచ్చినవి ఇప్పుడు ఇరవై దాటాయి.

కానీ రాళ్లు మాత్రం సున్నం కొట్టిన గోడల్లా తెల్లగానే ఉన్నాయి. నేను ఈ ట్యాంక్ పెట్టిందే ఒక స్నేహితుడి ఇంట్లో రాళ్ల మీద ఆ గులాబీ, ఊదా పూత, అంటే కోరలైన్ నాచు, చూసి. నాకు చేపలకంటే అదే ముందు కంట్లో పడింది, అందుకే మనసు అక్కడే ఉండిపోయింది. ఆన్‌లైన్‌లో కోరలైన్ విత్తనం ఉండే బాటిళ్లు తెప్పించి రెండుసార్లు పోశాను, రెండూ కలిపి ఆరు వేలు పైనే అయ్యాయి, మూడు నెలలు దాటినా ఒక్క చుక్క లేదు. వెనక అద్దం మీద ఒకచోట ఊదా రంగు పొర వచ్చింది, చాలా సంతోషపడ్డాను, వేలితో తోస్తే ఊడి చేతికొచ్చింది. అది కోరలైనేనా?

ఇప్పుడు రెండు ఆలోచనలున్నాయి. ఒక షాపులో ఊదా మరకలున్న 'డెడ్ రాక్' ఇస్తామంటున్నారు, సముద్రంలోంచి వచ్చిందేనట. లేదా వచ్చే నెల వైజాగ్ వెళ్తున్నాం, అక్కడ తీరంలో రాళ్ల మీద ఇలాంటి పూత ఉంటుందని విన్నాను, ఒక చిన్న రాయి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంటే సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కాకినాడ_రీఫ్

వేలితో తోస్తే ఊడిందంటే అది కోరలైన్ కాదు తమ్ముడూ, సయనో, అంటే సయనోబాక్టీరియా. జిగురుగా, దుప్పటిలా పొరలుగా లేస్తుంది, మధ్యలో గాలి బుడగలు కూడా చిక్కుకుని ఉంటాయి చూడు. కోరలైన్ అలా ఉండదు. అది రాయిలో రాయిలా అతుక్కుంటుంది, గోటితో గీకినా రాదు, బ్లేడు పెడితే గరగరమని చప్పుడొస్తుంది. ఆ సయనోని పైపుతో లాగి తీసేయి, ఆ మూల నీటి ప్రవాహం తక్కువగా ఉందేమో చూడు.

సైనిక్‌పురి_అక్వా

ముందు షాపు రాయి సంగతి తేల్చేద్దాం, తీసుకోకండి. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఏ షెడ్యూల్‌లో ఉందో అదే. 'చచ్చిపోయిన పగడమే కదా, ఏం కాదు' అని చెప్పి అమ్ముతుంటారు, కానీ చట్టానికి బతికున్నదీ చచ్చిందీ ఒకటే. చట్టం మాట అలా ఉంచినా ఆ రాయి సముద్రంలో ఇంకా పని చేస్తూనే ఉంటుంది. విరిగిన పగడపు ముక్కల్ని ఒకదానికొకటి అతికించి దిబ్బగా నిలబెట్టేది మనం ఇంట్లో కోరుకుంటున్న ఈ పూతే. పిల్ల పగడాలు వచ్చి కూర్చునేది కూడా ఎక్కువగా దాని మీదే. లక్షద్వీప్‌లోనో మన్నార్ సింధుశాఖలోనో ఉండాల్సిన రాయిని మన హాల్లో రంగు కోసం తెచ్చుకోవడం నాకు అస్సలు నచ్చదు. సిరామిక్ రాక్ పెట్టారు చూడండి, చాలా మంచి పని చేశారు, దాని మీద కూడా బ్రహ్మాండంగా పడుతుంది, నా ట్యాంకులో పట్టింది.

ఇక అసలు విషయం. కోరలైన్ పట్టలేదంటే రెండే కారణాలుంటాయి: విత్తనం రాలేదు, లేదా విత్తనం పడ్డా నేల బాగోలేదు. మీరు రెండు బాటిళ్లు పోశారు కాబట్టి నాకు నేల మీదే అనుమానం. అంకెలు పెట్టండి. కాల్షియం, ఆల్కలినిటీ (క్షారత్వం), మెగ్నీషియం, ఫాస్ఫేట్, నైట్రేట్, సాలినిటీ (ఉప్పదనం), ఉష్ణోగ్రత, లైటు ఎన్ని గంటలు, ఎంత శాతం. సాలినిటీ దేనితో కొలుస్తున్నారో, నీళ్లు ఎక్కడివో కూడా రాయండి.

మియాపూర్_ట్యాంక్

థాంక్యూ మేడమ్. డెడ్ రాక్ ఆలోచన మానేశాను, ఆ చట్టం సంగతి నిజంగా తెలియదు.

ఇవాళ ఉదయం కొలిచినవి: కాల్షియం 360, ఆల్కలినిటీ 6.0 డీకేహెచ్ (దాని కొలమానం), మెగ్నీషియం 1110 (స్నేహితుడి దగ్గర కిట్ అడిగి తెచ్చి చూశాను, ఇదే మొదటిసారి), ఫాస్ఫేట్ 0.2, నైట్రేట్ 15. చిల్లర్ ఉంది, 26 డిగ్రీలు దాటనివ్వదు. ముల్లు ఉండే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌తో చూస్తే నీటి సాంద్రత 1.026. లైటు పది గంటలు, 90 శాతం మీద. నీళ్లు వంటింటి ఆర్ఓవి. డోసింగ్ ఏమీ లేదు, వారానికి 20 లీటర్లు వాటర్ చేంజ్ చేస్తాను, అంతే.

కాల్షియం తక్కువగా ఉందని అర్థమైంది, కాల్షియం క్లోరైడ్ ఆర్డర్ పెట్టేయనా?

సైనిక్‌పురి_అక్వా

పెట్టకండి, ఇంకా వద్దు. ఆ మూడు అంకెల్నీ ఒకసారి సముద్రం అంకెల పక్కన పెట్టి చూడండి. సముద్రపు నీటిలో కాల్షియం ఇంచుమించు 420, మెగ్నీషియం 1290, ఆల్కలినిటీ 7. మీవి 360, 1110, 6. మూడూ ఒకే పాళ్లలో తగ్గాయి, ఏడు వంతులుండాల్సినచోట ఆరు వంతులున్నాయి. కాల్షియం, ఆల్కలినిటీ మాత్రమే తగ్గితే ఏదో ప్రాణి తాగేస్తోందనుకోవచ్చు, కానీ మెగ్నీషియం అంత తొందరగా ఖర్చు కాదు, పైగా మీ ట్యాంకులో రాతి పగడాలే లేవు. మూడూ కలిసి దిగాయంటే తగ్గింది ఉప్పే. మీ హైడ్రోమీటర్ అబద్ధం చెబుతోంది. మీ నీళ్లు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఉప్పు 35 పాళ్లు) కాదు, 30 దగ్గర ఉండాలి, అంటే 1.026 కాదు, 1.022 నుంచి 1.023 మధ్య.

ఆ ముల్లుకి కంటికి కనబడనంత చిన్న గాలి బుడగలు అంటుకుంటాయి, అవి దాన్ని పైకి లేపుతాయి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నేను మొదటి రెండేళ్లు దానితోనే నెట్టుకొచ్చాను, నా మొదటి ట్యాంకులో కూడా ఇదే జరిగింది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనండి, దానితో పాటు 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రవం కూడా కొనండి, ఈ రెండోది మాత్రం మర్చిపోవద్దు. మంచినీళ్లతో సున్నాకి సరిచేస్తే సున్నా దగ్గర సరిగ్గా చూపిస్తుందేమో గానీ 35 దగ్గర తప్పు చూపించొచ్చు, మనకి కావాల్సింది 35 దగ్గరే కదా.

నా అంచనా నిజమైతే కంగారు పడి ఒక్కరోజులో ఎక్కించకండి. 200 లీటర్లకి 5 పీపీటీ పెంచాలంటే కిలో పైచిలుకు ఉప్పు అవుతుంది. ఆవిరైన నీటికి బదులు రోజూ పోసే టాప్ అప్‌లో కొన్నాళ్లు ఉప్పునీళ్లు పోయండి, రోజుకి 0.001 మించి పెరగకూడదు. అలా సాలినిటీ సరైన చోటికి వచ్చాక మళ్లీ కొలవండి, మూడు అంకెలూ వాటంతటవే లేస్తాయి. అప్పటికీ ఆల్కలినిటీ 7 దగ్గరే ఉండి, 8 దాకా తేవాలనిపిస్తే మాత్రం 100 లీటర్లకి 3 గ్రాముల బేకింగ్ సోడా ఒక డీకేహెచ్ పెంచుతుంది, నీళ్లలో కరిగించి రెండు రోజులకి పంచి పోయండి. ఆర్డర్ పెట్టాలనుకున్న కాల్షియం క్లోరైడ్ అవసరం మీకు ఇప్పట్లో రాదు.

రెండోది మీ నీళ్లు. వంటింటి ఆర్ఓల్లో చాలావాటికి రుచి కోసం కొంత మామూలు నీరు మళ్లీ కలిపే స్క్రూ ఉంటుంది, నీళ్లలో కరిగిన లవణాల్ని చూపే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, 50, 60 కూడా చూపిస్తుంది. దాని వెనక మిగిలిన లవణాల్ని పట్టేసే ఒక డీఐ కాట్రిడ్జ్ బిగించి సున్నాకి తెచ్చుకోవాలి. మీ ఫాస్ఫేట్ 0.2లో కొంత అక్కడి నుంచే రావచ్చు, మిగతాది ఫ్రోజెన్ మేత కరిగిన నీళ్లు. జల్లెడలో వడకట్టి ఆ నీళ్లు పారబోయండి. ఫాస్ఫేట్ ఎక్కువైతే సున్నపు స్ఫటికం పెరగనివ్వదు, కోరలైన్ ఒళ్లంతా సున్నమే కాబట్టి దానికి నేరుగా దెబ్బ. 0.1 లోపు చాలు, సున్నా చేయాలని చూడకండి, సున్నా చేసినవాళ్ల ట్యాంకుల్లో డైనోలు (డైనోఫ్లాజెలేట్లు అనే జిగురు సూక్ష్మజీవులు) వచ్చి నానా అవస్థలు పడ్డారు.

లైటు 90 శాతం కూడా ఎక్కువే. కోరలైన్ ఎరుపు నాచు జాతిది, ఆ రంగు ఇచ్చే ఫైకోఎరిత్రిన్ నీలి, పచ్చ వెలుగుని పట్టుకోగలదు, అందుకే ఆ వెలుగు మాత్రమే దిగే లోతుల్లోనూ రాతి నీడల్లోనూ హాయిగా బతుకుతుంది. కొత్తగా పుట్టిన చుక్క మీద మీరు ఎండ కాసినట్టు కాస్తే తెల్లబోతుంది. తెలుపు ఛానెల్ బాగా తగ్గించి, నీలం ఉంచి, ఎనిమిది గంటలు చాలు. మీ జోవాలకి ఏమీ కాదు.

భీమిలి_తీరం

వైజాగ్ రాయి గురించి నేను చెప్తాను, మాది ఇక్కడే. మీరు విన్నది నిజం. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు రాళ్ల గుంటల్లో గులాబీ పూత కనబడుతుంది, దాంతో పాటు గనుపులు గనుపులుగా ఉండే పొట్టి కుచ్చులు కూడా, జానియా, యాంఫిరోవా అంటారు, అవీ కోరలైన్ కుటుంబమే. చేత్తో పట్టుకుంటే నాచులా మెత్తగా ఉండదు, సన్నటి ఎముకల్లా కరకరలాడుతుంది. మా అమ్మాయికి చూపిస్తే 'నాన్నా ఇది మొక్కా రాయా' అని అడిగింది.

కానీ తీసుకెళ్లొద్దండి. ఆ రాయి మీద మీకు కనబడేది పూత ఒక్కటే, దాని రంధ్రాల్లో పీతలు, పురుగులు, ఎనిమోన్లు, స్పాంజీలు ఉంటాయి, హైదరాబాద్ చేరేలోపు సగం చచ్చి కుళ్లుతాయి, మిగతా సగం మీ క్లౌన్ల మీద పడతాయి. పైగా ఇక్కడి ఒడ్డు నీళ్లు వేరే రకం. వానాకాలం అయ్యాక, అక్టోబరు, నవంబరు నెలల్లో నదుల నీళ్లు బంగాళాఖాతం అంచంతా పరుచుకుని ఇక్కడ ఉప్పదనం బాగా పడిపోతుంది. ఆ మార్పులకి, అలల దెబ్బకి, ఎండకి అలవాటు పడ్డ జాతి మీ స్థిరమైన 26 డిగ్రీల్లో ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. నీళ్లు కూడా డబ్బాలో పట్టుకుపోదామనుకునేరు, ఊరికి దగ్గరగా అస్సలు వద్దు.

వచ్చినప్పుడు చెప్పండి, నీళ్లు వెనక్కి పోయే టైం చూసుకుని తీసుకెళ్లి చూపిస్తాను. మోకాళ్ల మీద కూర్చుని ఒక్క గుంటని పది నిమిషాలు చూడండి చాలు.

ప్లేనో_తెలుగు_రీఫర్

అన్నా, నేను డల్లాస్ దగ్గర ప్లేనోలో ఉంటాను, ఇక్కడ బాటిళ్లూ లైవ్ రాక్ అన్నీ దొరుకుతాయి కాబట్టి నా అనుభవం కూడా పనికొస్తుందని రాస్తున్నా. బాటిల్ నేనూ పోశాను. మొదటిసారి ఏమీ రాలేదు, ఎందుకంటే స్కిమ్మర్ (నురగతో మురికి లాగేది), ఫిల్టర్ సాక్ (వడకట్టే సంచి), యూవీ లైటు అన్నీ నడుస్తూనే ఉన్నాయి, నేను పోసింది పోసినట్టే గంటలో బయటికి వెళ్లిపోయి ఉంటుంది. బాటిల్ ఎన్నాళ్లు ఏ ఎండలో ప్రయాణించిందో కూడా మనకి తెలియదు కదా.

నాకు నిజంగా పనిచేసింది ఒక నత్త. ఒక పాత రీఫర్ (ఇలాంటి ట్యాంకులు పెంచేవాడు) ట్రోకస్ నత్త ఇచ్చాడు, గుల్ల మొత్తం ఊదా రంగే. అది రాత్రంతా అద్దం మీద, రాళ్ల మీద తిరుగుతూ ఉంటుంది కాబట్టి విత్తనాన్ని మోసుకుని తిరిగినట్టే. పది వారాలకి పంపు వెనకాల చుక్కలు కనబడ్డాయి.

ఒక్క జాగ్రత్త చెప్తా, నేను చాలా బాధపడ్డ విషయం. తర్వాత ఇంకొకరి దగ్గర కోరలైన్ పట్టిన రాయి తెచ్చి చూడకుండానే పెట్టేశాను, దాని మీద వెర్మెటిడ్ నత్తలున్నాయి. సన్నటి తెల్ల గొట్టాల్లా ఉంటాయి, వాటిలోంచి సాలెగూడు దారంలాంటి జిగురు వదిలి మేత పట్టుకుంటాయి, ఆ దారం తగిలిన జోవాలు మూసుకుపోతాయి. రెండేళ్లయినా ఇంకా ఏరుతూనే ఉన్నాను. ఐప్టేసియా అనే కుట్టే ఎనిమోన్లు, బబుల్ ఆల్గే అనే బుడగల నాచు కూడా ఇలాగే వస్తాయి. ఎవరిచ్చినా సరే, భూతద్దం పెట్టి చూసి, రెండు మూడు వారాలు విడిగా బకెట్‌లో హీటర్, చిన్న పంపు, కాస్త లైటు పెట్టి ఉంచి, అప్పుడు వేయి.

మియాపూర్_ట్యాంక్

రిఫ్రాక్టోమీటర్ వచ్చింది. 35 ద్రవంతో సరిచేసి చూస్తే నా ట్యాంక్ 30. మేడమ్, మీరు నీళ్లు చూడకుండా అంకెల్ని చూసి చెప్పారు, నాకు నిజంగా నోట మాట రాలేదు. తొమ్మిది నెలలుగా ఆ చేపల్ని పలుచటి నీళ్లలో ఉంచానని తలుచుకుంటే మాత్రం మనసు పాడైంది. టీడీఎస్ 58 వచ్చింది, డీఐ కాట్రిడ్జ్ కూడా తెచ్చాను.

భీమిలి అన్నా, తప్పకుండా వస్తాం, రాయి తీసుకోను, చూసి వస్తాం.

ఒక సందేహం, టాప్ అప్‌లో సున్నపు తేట పోస్తే మంచిదని ఒకచోట చదివాను. ఇంట్లో తాంబూలం సున్నం ఉంది, అది పనికొస్తుందా? అలాగే విత్తనం హైదరాబాద్‌లో ఎవరి దగ్గర దొరుకుతుంది?

సైనిక్‌పురి_అక్వా

మనసు పాడుచేసుకోకండి, క్లౌన్లు 30లో బాగానే ఉంటాయి, ఆ మాటకొస్తే చాలా షాపులు ఉప్పు ఖర్చు తగ్గించుకోవడానికి చేపల్ని అంతకంటే పలుచటి నీళ్లలోనే ఉంచుతాయి.

సున్నపు తేట మంచిదే, కాల్షియం, ఆల్కలినిటీ రెండూ ఒకేసారి సమపాళ్లలో ఇస్తుంది, పీహెచ్ కూడా నిలబెడుతుంది. కానీ తాంబూలం సున్నం వద్దు, అందులో ఏమేం కలిసి ఉంటాయో మనకి తెలియదు. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్ తీసుకోవాలి. దాని పీహెచ్ 12 పైనే, చేతికి తగిలితే మండుతుంది, ట్యాంకులో ఒక్కసారిగా పడితే అన్నీ పోతాయి. చుక్కచుక్కగా, రాత్రిపూట పడాలి. ఇప్పుడు మీకు దాని అవసరం లేదు, ఖర్చయ్యేది ఏదైనా ఉంటేనే కదా నింపాలి. కోరలైన్ అద్దాలన్నీ ఎక్కి ఆల్కలినిటీ వారం వారం దిగడం మొదలయ్యాక మాట్లాడుకుందాం.

విత్తనం నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకెళ్లండి. సంప్‌లో నాలుగేళ్లుగా ఉన్న సిరామిక్ ముక్క ఒకటి ఇస్తాను, పిడికిలంత ఉంటుంది, అడుగు పక్కంతా ఊదా. వెర్మెటిడ్‌లు నా ట్యాంకులో లేవు, అయినా ప్లేనో బాబు చెప్పినట్టు విడిగా ఉంచండి. మూత ఉన్న డబ్బా తెచ్చుకోండి, నా ట్యాంక్ నీళ్లలోనే ముంచి తీసుకెళ్లాలి, తడిగుడ్డ కుదరదు. కాసేపు గాలి తగిలి ఆరితే చాలు, పైపొర తెల్లబోతుంది.

విడిగా ఉంచడం పూర్తయ్యాక ముక్కని నేరుగా లైటు కింద కాకుండా నీడగా, నీళ్లు బాగా కదిలే చోట, వీలైతే మీ పెద్ద రాయికి ఆనించి పెట్టండి. నాలుగైదు రోజులయ్యాక స్కిమ్మర్, సాక్ ఆపి, పాత టూత్‌బ్రష్‌తో ముక్క ఒక పక్కని నీళ్లలోనే, పంపు ఎదురుగా పెట్టి గట్టిగా రుద్దండి. గులాబీ పొడి పొగలా లేస్తుంది, అది మొత్తం ట్యాంక్ తిరగాలి. నాలుగు గంటలాగి స్కిమ్మర్ వేసుకోండి. రెండు వారాలకొకసారి ఇలా మూడుసార్లు. ఆ తర్వాత ట్యాంకులో ఏదీ మార్చకండి. ఉప్పు బ్రాండ్ మార్చడం, లైటు మార్చడం, కొత్త బాటిల్ పోయడం, ఏదీ వద్దు.

మియాపూర్_ట్యాంక్

పదకొండు వారాల తర్వాత రాస్తున్నాను. సాలినిటీ 35, కాల్షియం 425, మెగ్నీషియం 1290, ఆల్కలినిటీ 7.8, ఫాస్ఫేట్ 0.07.

నిన్న రాత్రి లైట్లు ఆరాక టార్చి పెట్టి చూస్తుంటే రిటర్న్ పైపు మూతి కింది వైపు ఒక చుక్క కనబడింది. ఆవగింజంత ఉంది, మధ్యలో ముదురు గులాబీ, చుట్టూ సన్నటి పాలిపోయిన అంచు. చేయి పెట్టి గోటితో గీకాను, గరుకుగా తగిలింది, రాలేదు. ఇంకా వెతికితే పంపు వెనకాల పద్నాలుగు లెక్కపెట్టాను, హీటర్ బ్రాకెట్ మీద మూడు, మేడమ్ ఇచ్చిన ముక్కకి ఆనించిన రాయి పక్కన వేలెడంత మేర చిన్న చిన్నవి చాలా. మా ఆవిడని లేపి చూపించాను. ముందు వైపు రాళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

పంపు శుభ్రం చేయాల్సిన టైం అయింది, వెనిగర్‌లో నానబెడితే ఇవన్నీ పోతాయి కదా, ఏం చేయమంటారు?

సైనిక్‌పురి_అక్వా

చాలా సంతోషం అండి! ఆ పాలిపోయిన అంచే పెరిగే అంచు, అది కనబడుతోందంటే బతికి పాకుతోందని. వెనిగర్ వద్దు, సున్నం మొత్తం కరిగిపోతుంది. పంపు బయటి గుల్లని అలాగే ఉంచి, లోపలి ఇంపెల్లర్ ఒక్కటి తీసి బ్రష్‌తో కడిగి పెట్టేయండి. ఇక నుంచి ఆల్కలినిటీ వారానికి రెండుసార్లు కొలిచి ఒక పుస్తకంలో రాసుకోండి.